టోపీ యంత్రాలు: చేసిన పని, వదిలేసిన పని

(ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం.

ఎలక్ట్రికల్ వాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండమ్మా. బాగానే ఉన్నారు. హిస్టెరిసిస్ నష్టం, అంటే ఇనుములో అయస్కాంతత్వం అటూ ఇటూ మారుతున్నప్పుడు వేడిగా పోయే శక్తి, దాని లెక్క మీకు వచ్చు కదా. ఫ్లక్స్ సాంద్రతకి 1.6వ ఘాతం వేసి, ఫ్రీక్వెన్సీతోనూ స్టైన్‌మెట్జ్ గుణకంతోనూ గుణిస్తాం. ట్రాన్స్‌ఫార్మర్ల పాఠం మొదలుపెట్టగానే వచ్చే సూత్రం అది. మరి ఆ 1.6 ఏ ఊళ్లో పుట్టిందో మీకెవరైనా చెప్పారా? న్యూయార్క్ పక్కన యాంకర్స్ అని ఒక ఊరుంది. ఆ ఊళ్లో, టోపీల యంత్రాలు తయారుచేసే ఒక వర్క్‌షాపులో పుట్టింది. ఆ కథకి తర్వాత వస్తాను. ముందు టోపీ సంగతి చూద్దాం. నేను చెప్పేది ఫెల్ట్ టోపీల గురించి. ఈ యంత్రాలను మన పాఠ్యపుస్తకాలు ఎక్కడా ముట్టుకోవు. ఒక పరిశ్రమ తన యంత్రాల మీద ఎంత తెలివి పెట్టింది, ఏ ఒక్క చోట పెట్టలేదు అన్నది ఇందులో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

ఫెల్ట్ అంటే నేసిన గుడ్డ కాదు. మన గొంగడి అయితే ఉన్నిని నూలుగా వడికి, మగ్గం మీద నేసినది. ఫెల్ట్‌కి నూలూ లేదు, మగ్గమూ లేదు. గొర్రె ఉన్ని వెంట్రుకని మైక్రోస్కోపు కింద పెడితే దాని ఒంటినిండా పొలుసులుంటాయి, అన్నీ కొస వైపుకే తిరిగి ఉంటాయి. వేడి, తడి, ఒత్తిడి, రాపిడి, ఈ నాలుగూ కలిస్తే ఒక్కో వెంట్రుక తన మొదలు వైపుకి జరుగుతూ పోతుంది, వెనక్కి మాత్రం రాలేదు. లక్షల వెంట్రుకలు అలా జరిగి, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటే అదే ఫెల్ట్. ఉన్ని స్వెట్టర్ని వేడినీళ్లలో ఉతికి పాడుచేసుకున్న వాళ్లందరూ ఇంట్లో ఫెల్ట్ తయారుచేసినవాళ్లే.

ఖరీదైన టోపీలకి వాడేది మాత్రం ఉన్ని కాదు. బీవర్, కుందేలు, చెవులపిల్లి, వీటి బొచ్చు. బొచ్చులోనూ రెండు రకాలున్నాయి. పైకి కనబడే ముతక వెంట్రుకలు పనికిరావు. వాటి కింద చర్మానికి అంటుకుని ఉండే మెత్తటి సన్నటి బొచ్చే కావాలి. కుందేలు బొచ్చు ఉన్నిలా సులువుగా బిగుసుకోదు. దాన్ని దారికి తేవడానికి ఒక రసాయనం పూసేవాళ్లు. ఆ పేరు ఇప్పుడే చెప్పను. ఈ ప్రసంగంలో బరువంతా దాని మీదే ఉంది.

యంత్రాలు రాకముందు ఈ బొచ్చుని దేనితో విడదీసేవాళ్లో తెలుసా? విల్లుతో. ఇంగ్లండులోనూ, ఫ్రాన్సులోనూ, అమెరికాలోనూ టోపీ పనివాడి దగ్గర మనిషి కంటే పొడవైన విల్లు ఉండేది. పైనుంచి వేలాడదీసేవాళ్లు, దానికి పేగుతో చేసిన నారి. బల్ల మీద బొచ్చు పోసి, నారిని అందులో ఉంచి మీటేవాళ్లు. నారి కంపిస్తుంటే బొచ్చు చెదిరి పైకి లేచి, పలచటి పొరగా బల్ల మీద పరుచుకునేది. మన ఊళ్లలో దూదేకుల వాళ్లు పరుపులకి దూది ఏకడానికి వచ్చినప్పుడు భుజాన ఉండేదే, ఆ విల్లే. మీ తాతయ్యల్ని అడగండి, ఆ నారి చప్పుడు వాళ్ల చెవుల్లో ఇంకా ఉంటుంది. సముద్రాల అవతలా ఇవతలా ఒకరితో ఒకరికి పరిచయం లేని పనివాళ్లు ఒకే పనికి ఒకే సాధనం పట్టుకున్నారు. చిక్కుపడ్డ పోగుల్ని విడదీయడానికి కంపనాన్ని మించినది లేదని ఇద్దరికీ చేతులే చెప్పాయి.

అలా పరిచిన పొరని తడిపి, రెండు పొరలు కలిపి, శంకువు ఆకారంలో పెద్ద సంచిలా చేసేవాళ్లు. తర్వాత పెద్ద గంగాళం చుట్టూ వాలుగా బిగించిన చెక్కబల్లల దగ్గర ఆరేడుగురు నిలబడేవాళ్లు. గంగాళంలో మరిగే నీళ్లు, అందులో కాస్త గంధకికామ్లం. శంకువుని ముంచడం, చుట్టడం, బల్ల మీద రుద్దడం, విప్పి ఇంకోవైపు మడిచి మళ్లీ రుద్దడం. గంటల తరబడి అదే పని, చివరికి శంకువు సగానికి కుంచించుకుపోయి గట్టిపడేది. ఆ చేతుల చర్మం ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇప్పుడు యంత్రాల దగ్గరికి వద్దాం.

మొదటిది బొచ్చు కోసే యంత్రం. దీని ఆలోచన నాకు చాలా ఇష్టం. చర్మం మీది బొచ్చు కావాలంటే మనం బొచ్చుని గీకేస్తాం. ఈ యంత్రం చర్మాన్నే కోసేస్తుంది. చర్మాన్ని రోలర్ల మధ్య నుంచి లోపలికి పంపితే, గిర్రున తిరిగే వంపు కత్తులు దాన్ని సన్నటి పీలికలుగా తరిగి కిందకి రాలుస్తాయి. బొచ్చు మాత్రం కుందేలు ఒంటి మీద ఏ వరసలో ఉందో ఆ వరస చెదరకుండా బెల్టు మీద ముందుకి వస్తుంది. వీపు భాగం, పక్కల భాగం, పొట్ట భాగం అలాగే గుర్తుపట్టొచ్చు. బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ఏ రకానికి ఆ రకం ఏరి వేరుచేసేవాళ్లు. కింద రాలిన చర్మం పీలికలు బంక తయారీకి పోయేవి.

రెండోది ఊదే యంత్రం. ఇది మనవాళ్లు కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం లాంటిదే, కాకపోతే గది తలుపులు మూసి పట్టడం. పళ్లున్న సిలిండర్ వేగంగా తిరుగుతూ బొచ్చుని పైకి ఎగరేస్తుంది. తేలికది గాల్లో తేలుతూ తర్వాతి అరలోకి పోతుంది. ముతక వెంట్రుకలు, ఉండలు, చర్మం ముక్కలు బరువుకి కిందపడతాయి. అలాంటి అరలు వరసగా చాలా ఉంటాయి. చివరి అరలోంచి వచ్చే బొచ్చుని గుప్పిట్లో పట్టుకుంటే పట్టుకున్నట్టే అనిపించదు.

ఇక మూడోది, టోపీ చరిత్రని అడ్డంగా రెండు ముక్కలు చేసిన యంత్రం. శంకువు పోసే యంత్రం. 1846లో అమెరికాలో హెన్రీ వెల్స్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక పెద్ద రాగి శంకువు, సుమారు మూడడుగుల ఎత్తు, ఒంటినిండా సన్నటి చిల్లులు. అది నెమ్మదిగా తిరుగుతుంటుంది. కింద నుంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని పీలుస్తుంటుంది. ఒక్క టోపీకి సరిపడా తూచిన బొచ్చు, వంద గ్రాముల చుట్టుపక్కల ఉంటుందనుకోండి, దాన్ని బెల్టు మీద పెడతారు. పళ్ల సిలిండర్ దాన్ని మేఘంలా చెదరగొట్టి శంకువు మీదకి విసురుతుంది. గాలి చిల్లుల్లోంచి లోపలికి పోతుంది, బొచ్చు పోలేక రాగి మీద అతుక్కుంటుంది.

ఇందులో నన్ను పట్టేసిన విషయం ఒకటుంది, మెకానికల్ వాళ్లు శ్రద్ధగా వినండి. పొర ఎక్కడైనా పలచబడితే అక్కడ గాలి ఎక్కువ లాగుతుంది. ఎక్కువ లాగితే బొచ్చు ఎక్కువ చేరుతుంది. చేరగానే ఆ చోటు మూసుకుని గాలి తగ్గుతుంది. అంటే మందం తనంతట తానే సర్దుకుంటుంది. సెన్సర్ లేదు, కంట్రోలర్ లేదు. 1846 నాటి ఫీడ్‌బ్యాక్ కంట్రోల్ అది! టోపీ అంచు అయ్యే కింది భాగం దళసరిగా, కొస పలచగా కావాలంటే బొచ్చు వచ్చే దారికి అడ్డుగా ఉన్న రేకుని కాస్త ఎత్తడం, దించడం, అంతే. నిమిషం తిరక్కుండా పొర పూర్తవుతుంది. తడి గుడ్డ చుట్టి, వేడినీళ్లతో తడిపి, పొరని శంకువు మీంచి ఒలుస్తారు. అప్పుడది ఎంత నాజూగ్గా ఉంటుందంటే, అజాగ్రత్తగా ఎత్తితే చేతిలోనే విడిపోతుంది. విల్లు పట్టిన పనివాడు ఏళ్ల తరబడి నేర్చుకున్న నేర్పు మొత్తం ఆ రాగి చిల్లుల్లోకి పోయింది.

ఇంత లాభం ఉన్నచోట కోర్టు రాకుండా ఉంటుందా? వెల్స్ పేటెంట్ హక్కుదారులు దాన్ని మళ్లీ మళ్లీ జారీ చేయించుకుంటూ, ప్రతిసారీ దాని పరిధి పెంచుకుంటూ పోయారు. ఈలోగా న్యూజెర్సీ రాష్ట్రం నూఅర్క్‌లో సెత్ బోయిడెన్ అనే గొప్ప పనిమంతుడు వేరే పద్ధతిలో ఇంకో యంత్రం చేశాడు. ఆయన పేటెంటు 1860 జనవరిది. ఆ యంత్రం వాడినవాళ్ల మీద వెల్స్ పక్షం దావా వేసింది. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1863లో తీర్పు వచ్చింది. బర్ వర్సెస్ డ్యూరీ కేసు. పేటెంట్ ఇచ్చేది యంత్రానికి, అది సాధించే ఫలితానికి కాదు, అదే ఫలితం ఇంకొకరు ఇంకో దారిలో సాధిస్తే అడ్డుకోలేరు అని జస్టిస్ గ్రయర్ తేల్చాడు. పేటెంట్ చట్టం చదివేవాళ్లకి ఇప్పటికీ తారసపడే కేసు ఇది. 1860, న్యూజెర్సీ. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

శంకువుని కుదించే యంత్రాల గురించి ఎక్కువ చెప్పను. గంగాళం చుట్టూ నిలబడ్డ మనుషుల బదులు వరసగా రోలర్లు వచ్చాయి. వేడినీళ్లు పడుతుంటే గుడ్డలో చుట్టిన శంకువులు వాటి మధ్య నలుగుతూ పోతాయి. ప్రతి విడతకీ మడత మార్చాలి, లేకపోతే మడతపడ్డ చోట గీత శాశ్వతంగా నిలిచిపోతుంది. మడత మార్చే పని చాలాకాలం చేతిదే.

ఆ తర్వాత గట్టిపరచడం. ఇక్కడ మన దేశం వస్తుంది. టోపీ అంచు వాలిపోకుండా నిలబడాలంటే ఫెల్ట్‌లోకి లక్క ఎక్కించాలి. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే లక్కే. లక్కని బోరాక్స్ నీళ్లలోనో స్పిరిట్‌లోనో కరిగించి పట్టించేవాళ్లు. అంచుకి ఎక్కువ, తలభాగానికి తక్కువ. 1849లో లండన్‌లో లాక్ దుకాణం వాళ్లు, ఎడ్వర్డ్ కోక్ అనే ఆసామి అడిగాడని, అడవి కాపలావాళ్ల కోసం ఒక గట్టి గుండ్రటి టోపీ చేయించారు. చేసింది బౌలర్ అన్నదమ్ములు. తట్టినా చెక్కుచెదరని ఆ బౌలర్ టోపీ గట్టిదనమంతా లక్కే. బ్రిటిష్ పెద్దమనిషి నెత్తిమీది టోపీ నిలబడాలంటే ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసీలు కొమ్మల మీంచి లక్క గీకాలి. వాళ్ల కూలి సంగతి ఏ టోపీ చరిత్రలోనూ కనబడదు.

ఇప్పుడు యాంకర్స్ కథ. గట్టిపడ్డ శంకువు మొన ఇంకా కోసుగానే ఉంటుంది. దాన్ని మన తలలా గుండ్రంగా సాగదీయాలి. వేడినీళ్లలో ముంచి బొటనవేళ్లతో నొక్కి నొక్కి సాగదీయడం చాలా కష్టమైన చేతిపని. బవేరియా నుంచి 1850లో అమెరికా వచ్చిన రుడాల్ఫ్ ఐకెమయర్ ఈ పనికి 1860ల్లో యంత్రం కట్టాడు. నడుమ కేంద్రం నుంచి చుట్టూ దిగే ఇనుప పట్టీలు ఉంటాయి, వాటి మీద శంకువు మొన తొడుగుతారు. పైనుంచి ఇనుప వేళ్లు దిగి, పట్టీల మధ్య సందుల్లో ఫెల్ట్‌ని టకటకా నొక్కుతాయి. ప్రతి నొక్కుకీ శంకువు కాస్త తిరుగుతుంది, అందుకని నొక్కిన చోటే మళ్లీ నొక్కడం ఉండదు. చూస్తే బొటనవేళ్లు కనబడతాయి, మనిషి కనబడడు. అంచుని నలుదిక్కులా లాగి చదును చేసే యంత్రం కూడా ఉండేది. ఈ యంత్రాలతో ఐకెమయర్ బాగా సంపాదించాడు. ఆ డబ్బుతో, ఆ వర్క్‌షాపులోనే డైనమోలు, మోటార్ల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. అదే ఊరి ఓటిస్ లిఫ్టులకి మోటార్లు చేశాడు.

1889లో ఆయన దగ్గరకి ఒక కుర్రాడు పనికోసం వచ్చాడు. గూని మనిషి, పొట్టి, ఇంగ్లీషు సరిగా రాదు. సోషలిస్టు రాతలు రాసినందుకు జర్మనీలో పోలీసులు వెంటపడితే పారిపోయి వచ్చినవాడు. ఐకెమయర్ అతన్ని డ్రాఫ్ట్స్‌మన్‌గా, అంటే యంత్రాల నక్షాలు గీసేవాడిగా, పెట్టుకున్నాడు. అతనే చార్లెస్ స్టైన్‌మెట్జ్. 1892లో ఆ టోపీ యంత్రాల సంస్థలో ఉండగానే హిస్టెరిసిస్ నియమం ప్రకటించాడు. కొద్దికాలానికే జనరల్ ఎలక్ట్రిక్ ఆ సంస్థని కొనేసింది, స్టైన్‌మెట్జ్ దాంతోపాటే అక్కడికి వెళ్లాడు. మీ పాఠంలోని 1.6 వెనక కుందేలు బొచ్చు ఉంది.

కుందేలు అన్నాను కాబట్టి ఆస్ట్రేలియా మాట కూడా చెప్పాలి. 1859లో వేట సరదా కోసం విక్టోరియాలో థామస్ ఆస్టిన్ వదిలిన రెండు డజన్ల కుందేళ్లు ఆ ఖండాన్నే మేసేశాయి. 1874లో టాస్మేనియాలోని హోబార్ట్‌లో బెంజమిన్ డంకర్లీ టోపీల పని పెట్టాడు. కుందేలు బొచ్చు కొసల్లోని ముతక వెంట్రుకని తీసేసే యంత్రాన్ని కనిపెట్టింది ఆయనే. అప్పటిదాకా చేత్తో తీయాల్సి వచ్చేది. ఆ సంస్థే తర్వాత అకుబ్రా అయింది, ఆస్ట్రేలియా గుర్తుగా నిలిచిన టోపీల పేరు అది. పంటకి చీడగా మారిన జంతువు ఒక దేశపు గుర్తుగా మారిందంటే మధ్యలో ఈ యంత్రం ఉంది.

సరే, ఇక ఆ రసాయనం. మెర్క్యురిక్ నైట్రేట్. పాదరసాన్ని నత్రికామ్లంలో కరిగించి బొచ్చుకి పట్టించేవాళ్లు. అది వెంట్రుక పైపొరని దెబ్బతీస్తుంది, అందువల్ల బొచ్చు ఉన్నిలా బిగుసుకుంటుంది. ఆరబెడితే చివర్లు నారింజ రంగుకి తిరిగేవి. ఇక ఆ క్షణం నుంచి పాదరసం బొచ్చుతోనే ప్రయాణం చేస్తుంది. ఊదే యంత్రం దగ్గర దుమ్ములో ఉంటుంది. శంకువు మీద వేడినీళ్లు పోసినప్పుడు ఆవిరిలో, రోలర్ల దగ్గర ఆవిరిలో, చివర ఇస్త్రీ చేసి మెరుగుపెట్టేటప్పుడూ ఆవిరిలో ఉంటుంది. బొచ్చు కోసేది తప్ప, నేను ఇందాక మెచ్చుకుంటూ చెప్పిన ప్రతి యంత్రమూ వేడితోనో గాలితోనో నడిచేదే. వేడి పెరిగేకొద్దీ పాదరసం ఆవిరి పెరుగుతుంది. చలికాలంలో కిటికీలు మూసిన షెడ్లలో ఆ గాలే పీల్చాలి.

ముందు చిగుళ్లు వాస్తాయి, లాలాజలం కారుతుంది, పళ్లు కదులుతాయి. తర్వాత చేతులు వణుకుతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేరు, గ్లాసు నోటిదాకా తీసుకెళ్లలేరు. వైద్యులు సంతకం చేయించి చూసేవాళ్లు. అక్షరాలు అలల్లా వంకర్లు తిరిగేవి. మనిషి స్వభావం మారిపోతుంది. నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు, ఎవరైనా తన పని చూస్తుంటే చేయలేడు, చిన్నమాటకి భగ్గుమంటాడు. అమెరికాలో టోపీల ఊరు డాన్‌బరీ, కనెక్టికట్ రాష్ట్రంలో ఉంది. ఆ వణుకుకి ఆ ఊరి పేరే పెట్టారు, డాన్‌బరీ వణుకు అని.

ఇప్పుడు 1860, న్యూజెర్సీ. బోయిడెన్ తన యంత్రానికి పేటెంట్ తీసుకున్న సంవత్సరమే, ఆ రాష్ట్రంలోనే, జె. అడిసన్ ఫ్రీమన్ అనే వైద్యుడు టోపీ కార్మికుల్లో పాదరస వ్యాధి గురించి నివేదిక రాశాడు. ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో అంతా అందులో ఉంది. బోయిడెన్ యంత్రం మూడేళ్లలో సుప్రీంకోర్టుకి చేరింది. ఫ్రీమన్ నివేదిక? 1922లో ఆలిస్ హామిల్టన్ అదే విషయం మళ్లీ రాయాల్సి వచ్చింది. హార్వర్డ్‌లో పాఠం చెప్పిన మొదటి మహిళా అధ్యాపకురాలు ఆవిడ. 1930ల చివర్లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ కనెక్టికట్ ఫ్యాక్టరీల్లో పరీక్షలు చేస్తే, పదిమందికి ఒకరికి పైగా పాదరస వ్యాధి ఉందని తేలింది. అమెరికాలో టోపీల్లో పాదరసం ఆగింది 1941 డిసెంబరులో. నివేదికకీ నిషేధానికీ మధ్య ఎనభై ఒక్క సంవత్సరాలు! అప్పుడైనా కార్మికుల చేతులు చూసి ఆపారనుకోకండి. యుద్ధం వచ్చింది, పేలుడు పదార్థాల డిటోనేటర్లకి పాదరసం కావాల్సి వచ్చింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసే పద్ధతికి మారారు, టోపీలు బాగానే వచ్చాయి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. చేతకాక వదిలేసిన పని కాదు ఇది. ఏ సెన్సరూ లేకుండా పొర మందం సర్దగలిగినవాళ్లు, బొటనవేలి కదలికని ఇనుములో పోతపోసినవాళ్లు, ఒక పొగగొట్టాన్ని, ఒక మూతని, ఒక వేరే రసాయనాన్ని ఆలోచించలేరా? శంకువు కింద గాలి పీల్చే ఫ్యాన్ 1846లోనే ఉంది. అదే ఫ్యాన్‌ని ఇంకో నాలుగడుగుల అవతల, మనిషి ముక్కు దగ్గర పెట్టమని ఎవరూ అడగలేదు. బొచ్చు వృథా అయితే నష్టం యజమానిది. ఊపిరి పోతే నష్టం పనివాడి ఇంటిది. యంత్రం ఎక్కడ పుట్టిందో, ఎక్కడ పుట్టలేదో ఆ లెక్కే చెబుతుంది. మీరు రేపు ఒక ప్లాంట్ లేఅవుట్ గీసేటప్పుడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎక్కడ పెడుతున్నారో, ఎవరి కోసం పెడుతున్నారో ఆ కాగితం మీదే కనబడుతుంది.

ఇంకా సమయం ఉందా? ఉంటే ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థిని: సార్, ఇప్పుడు ఈ ఫ్యాక్టరీలు ఉన్నాయా?

కొన్ని ఉన్నాయమ్మా. ఇంగ్లండులో టోపీలకి పేరుపొందిన ఊరు స్టాక్‌పోర్ట్. 1884 నాటికి అక్కడి నుంచి ఏడాదికి అరవై లక్షలకు పైగా ఫెల్ట్ టోపీలు ఎగుమతయ్యేవి. వాళ్ల ఫుట్‌బాల్ జట్టుని ఇప్పటికీ హాటర్స్ అనే పిలుస్తారు. కానీ కార్లు వచ్చాయి, ఫ్యాషన్ మారింది, టోపీ లేకుండా బయటికి రావడం మర్యాదే అయింది. 1997లో అక్కడి చివరి పెద్ద ఫ్యాక్టరీ మూతపడింది. పాత వెల్లింగ్టన్ మిల్లులో టోపీల మ్యూజియం ఉంది, ఈ యంత్రాలు అక్కడ చూడొచ్చు. ఇటలీలో అలెసాండ్రియా ఊరి బోర్సలీనో, చెక్ దేశంలో నోవీ యిచీన్‌లోని టోనాక్, ఆస్ట్రేలియాలో అకుబ్రా, వీళ్లు ఇంకా చేస్తున్నారు.

ఒక అధ్యాపకుడు: డాన్‌బరీలో ఆ పాదరసం ఏమైందండీ?

ఎక్కడికీ పోలేదండీ. ఫ్యాక్టరీల నీళ్లన్నీ స్టిల్ నదిలోకే వదిలారు. ఆ నది అడుగు మట్టిలో పాదరసం ఇప్పటికీ ఉంది. నేలలోకి చేరిన పాదరసం విరిగిపోయి మాయమయ్యేది కాదు, అది మూలకం.

ఇంకో విద్యార్థి: సార్, మా తాతగారి తాతగారిది పాత ఇంగ్లీషు టోపీ ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని ముట్టుకోవచ్చా?

మంచి ప్రశ్న బాబూ. మ్యూజియంలలో పాత ఫెల్ట్ టోపీలను పరీక్షిస్తే చాలావాటిలో పాదరసం ఇంకా ఉందని తేలింది. అందుకని వాళ్లు గ్లౌజులు వేసుకునే పట్టుకుంటారు. 1941లో పాదరసం ఆగింది అమెరికాలో, మీది ఇంగ్లీషు టోపీ, కాబట్టి అది ఏ ఏడాదిదైనా మీరూ గ్లౌజులు వేసుకోండి, పిల్లల తలల మీద పెట్టకండి, విడిగా సంచిలో మూసి ఉంచండి. నలిగింది కదా అని కెటిల్ ఆవిరి పట్టడం, ఇస్త్రీ చేయడం మాత్రం అసలు వద్దు. ఆవిరి పడితే లోపలున్నది బయటికొస్తుంది.